గాలికొండ బాట: ఒక సంవాదము

విశాఖపట్టణమునుండి కిరండూలునకు పోవు రైలు, శృంగవరపుకోట దాటి కొండల నెక్క నారంభించి, సొరంగము వెంట సొరంగమును చొచ్చి వెలువడుచు బొర్రా గుహల స్టేషను చేరునప్పటికి, ఒకసారి లోయయు మరియొకసారి మేఘమును కిటికీకెదురుగా వచ్చి నిలుచుచుండగా, ఇచ్చట దిగి కాలినడకను ఈ కొండలలో తిరిగిన బాగుండునని తలంపని ప్రయాణికుడు అరుదు. ఆ తలంపు నేడు పట్టణ యువజనులలో బలపడినది. సెలవు వచ్చిన చాలును, వీపున సంచి తగిలించుకొని అనంతగిరికిని అరకునకును బయలుదేరువారు పెక్కుమంది. వారికి గుర్తులు నాటిన నడకదారి యొకటి ఏర్పరుపవచ్చునా, కూడదా, ఏర్పరిచినచో ఎవరి సమ్మతితో అను విషయమై నాకు ఆప్తబంధువులైన ఇరువురు జరిపిన సంవాదమును, మాటల వరుస చెడకుండ ఇక్కడ పొందుపరచుచున్నాను. ఒకరు భూగర్భశాస్త్ర పరిశోధనలో జీవితము గడిపి విశ్రాంతి గైకొన్న మేనమామ. రెండవవాడు అనంతగిరి ప్రాంతమున ఉపాధ్యాయుడుగా ఉన్న మేనల్లుడు. మామ సంకల్పించిన బాట బొర్రానుండి బయలుదేరి, ఆ పరిసరములలోనే వదలివేయబడిన నిమ్మలపాటి కాల్సైట్ గనిగుంటలను చూపి, కాఫీతోటల మీదుగా గాలికొండకు ఎక్కించును. నేను ఎవరి పక్షమున ఉన్నానో చదువరి గ్రహింపగలడు. దానిని దాచుట నా యుద్దేశము కాదు.

మామ: నాయనా, నేను కోరునది రోడ్డు కాదు, హోటలు కాదు. ఇప్పటికే ఉన్న కాలిబాటకు అక్కడక్కడ ఒక రాతిగుర్తు, ప్రమాదమైన గుంట యంచున ఒక కంచె, శిల మారిన చోట నాలుగు వాక్యముల ఫలకము, ఇంతియే. దీనివలన నడచువానికి లభించునది ఎంతటిదో ఆలోచింపుము. బొర్రా గుహలో సున్నపురాతిని నీరు కరగించి, కరగిన సున్నమును మరల బొట్టుబొట్టుగా పేరుకొనజేసి స్తంభములు నిలిపిన వైనమును అతడు చూచును. వెలుపలికి వచ్చి నిమ్మలపాటి గుంటల యొద్దకు పోయినచో అదే సున్నపు పదార్థము తెల్లని కాల్సైట్ స్ఫటికమై ఎండలో కన్నులు మిరుమిట్లు గొలుపుచుండును. పైకి ఎక్కినకొలది, ఈ కొండలలోని కోదుల పేరనే వెలసిన ఖొండలైటు శిల, వేలితో నలిపినంతనే పొడియగునంత శిథిలమై, ఎరుపును పసుపును కలసిన చారలతో కనబడును. చెట్లు పలచబడి గడ్డి పరచుకొన్న చదును నేలపై అడుగిడగానే కాలిక్రింద ఎర్రని గుల్లరాయి, అది బాక్సైట్. లక్షల సంవత్సరముల ఎండయు వానయు ఖొండలైటులోని సిలికాను కడిగివేయగా మిగిలిన అల్యూమినియపు రాయి అది. ఒకటి రెండు దినముల నడకలో భూమి చరిత్రను ఇంత వరుసగా విప్పి చూపు దారి మన రాష్ట్రమున మరియొకటి ఉన్నదని నేనెరుగను.

అల్లుడు: శిలల వరుస మీరు చెప్పినట్లే ఉన్నది, మామయ్యా, తరగతిలో నేనును దానినే చెప్పుచున్నాను. నా సందేహము వేరొకచోట. ఇప్పటికే ఉన్న కాలిబాట అని తేలికగా అంటిరి. ఆ బాట ఎట్లు పుట్టినది? కావడిబద్దకు ఇరువైపుల చింతపండు బుట్టలును రాజ్‌మా మూటలును కట్టి వారపు సంతకు దిగి, ఉప్పును నూనెను మోసికొని చీకటిపడు లోపల మరల ఎక్కు కొండదొరలును, కోదులును, వాల్మీకులును తరతరములుగా త్రొక్కినందున పుట్టినది. రోడ్డు పడని గూడెములలో నేటికిని, ప్రసవవేదన పడుచున్న స్త్రీని డోలీలో పరుండబెట్టి, నలుగురు భుజములు మార్చుకొనుచు ఆస్పత్రికి దించునట్టి బాటలు అవి. అట్టి బాటపై మన గుర్తులు నాటుటకు ముందు ఆ ఊరివారిని ఒక మాట అడుగవలదా?

మామ: అడుగుట మర్యాద, మర్యాదను నేను కాదనను. కాని అడుగనిదే నడువరాదన్నచో అంగీకరింపలేను. రాజ్యాంగపు 19వ అధికరణము ఈ దేశపు పౌరునకు దేశమంతట స్వేచ్ఛగా సంచరించు హక్కునిచ్చినది. నడచువాడు భూమిని కొనడు, కౌలునకు తీసికొనడు, త్రవ్వడు. 1970 నాటి 1/70 చట్టము ఈ షెడ్యూల్డు ప్రాంతమున భూమి గిరిజనేతరుల చేతికి పోవుటను నిషేధించినది గాని, పాదచారిని నిషేధింపలేదు.

అల్లుడు: ఆ 19వ అధికరణమునే ఇంకొంచెము దిగువకు చదువుడు. అయిదవ ఖండమున, ఆ సంచార స్వేచ్ఛకు ప్రజాసామాన్యపు హితముకొరకు గాని, షెడ్యూల్డు తెగల ప్రయోజనముల రక్షణకొరకు గాని సముచితమైన నిర్బంధములు విధింపవచ్చునని రాజ్యాంగకర్తలు స్పష్టముగ వ్రాసిరి. ఊరక వ్రాసిరా? స్వేచ్ఛగా వచ్చిపోవువాడు క్రమముగ వడ్డీకిచ్చుటను, వడ్డీకిచ్చినవాడు భూమి వ్రాయించుకొనుటను, వ్రాయించుకొన్నవాడు ఊరికి పెద్దయై కూర్చుండుటను ఈ మన్యము చూచినది గనుక వ్రాసిరి. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీలో వడ్డీపైనను భూమి బదలాయింపుపైనను కట్టడి చేసినదన్నచో, 1959లో మరల రెగ్యులేషను కావలసివచ్చినదన్నచో, అదియు చాలక 1970లో గిరిజనేతరుల నడుమ బదలాయింపును సైతము నిషేధింపవలసివచ్చినదన్నచో, ప్రతిసారియు చట్టమునకు ముందే బాటసారి వచ్చి చేరెనని యర్థము.

మామ: వడ్డీవ్యాపారిని, కొండగాలి పీల్చుకొని సాయంకాలమునకు రైలెక్కు విద్యార్థిని ఒకే త్రాట కట్టుచున్నావు. ఇది న్యాయము కాదు.

అల్లుడు: ఇరువురి మనస్సులు ఒక్కటియని నేననను. ఊరివాని దృష్టికి మాత్రము ఇరువురును తనను అడుగక వచ్చినవారే. మీరు చూపదలచిన నిమ్మలపాటి గుంటల కథయే తీసికొనుడు. అనంతగిరి మండలములో బొర్రా చుట్టుపట్ల పదునాలుగు గ్రామములున్న ప్రాంతమున, ఆ నేలను దున్నుకొని బ్రతుకువారికి పట్టాయైన ఈయక, ప్రభుత్వము కాల్సైట్ తీసికొనుటకు ప్రైవేటు సంస్థలకు కౌళ్ళిచ్చినది. ఊరివారి పక్షమున సమత యను సంస్థ న్యాయస్థానమునకు పోయినది. హైకోర్టు కాదన్నది. సుప్రీంకోర్టు 1997 జూలై 11వ తేదీన తీర్పు చెప్పుచు, గిరిజనేతరునకు భూమి బదలాయింపరాదను ఆ నిషేధము ప్రభుత్వమునకును వర్తించుననియు, ప్రభుత్వ భూమియైనను షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరునకు గనికౌలుగా ఈయరాదనియు, ఇచ్చిన కౌళ్ళు చెల్లవనియు నిర్ణయించినది. ఒకవేళ గని త్రవ్వుట జరిగినను నికరలాభములో కనీసము నూటికి ఇరువదివంతులు ఆ ప్రాంతపు నీటికి, బడికి, ఆస్పత్రికి, దారికి శాశ్వతనిధిగా ప్రత్యేకింపవలెననియు చెప్పినది. మామయ్యా, ఆ గుంటలను చూచునప్పుడు స్ఫటికముతో పాటు ఇదియు కనబడవలెను. అచ్చట ఆగిపోయిన పని, ఊరివారు ఆపించిన పని.

మామ: ఆ తీర్పు యొక్క ఘనతను నేను తగ్గింపను. కాని అది ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తుల తీర్పు, మూడవవారు విభేదించిరి. 2001లో బాల్కో అను సంస్థ కేసులో మరియొక ధర్మాసనము ఆ యధికసంఖ్యాకుల యభిప్రాయము సరియగునా యని సందేహము వెలిబుచ్చినది. చట్టమును నీవు కొండరాయివలె కదలనిదిగ చూచుచున్నావు. నేను ఖనిజములతో పనిచేసినవాడను గనుక కొండరాయియు కదలునని ఎరుగుదును. ఇంకొక సంగతి. నీవు ప్రతివారము ఎక్కి దిగు ఆ రైలు ఎందులకు వచ్చినది? బైలదిల్లా ఇనుపరాతిని జపానునకు ఎగుమతి చేయుటకు 1960లో కుదిరిన ఒడంబడిక ఫలముగా వచ్చినది. యేబదియెనిమిది సొరంగములు త్రవ్వి, శిమిలిగూడ యొద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తునకు బ్రాడ్‌గేజి పట్టాలెక్కించినది విహారులకొరకు కాదు, నీ పాఠశాలకొరకును కాదు. గని లేనిచో ఆ రైలు లేదు. నీ యింటిలో అన్నము వండు పాత్రయు ఏదో కొండ తలనుండి వచ్చిన బాక్సైట్‌యే. ఇచ్చటికి ఉత్తరమున కోరాపుట్టులోని పాంచ్‌పట్‌మాలి కొండను 1980వ దశకమునుండి నాల్కో సంస్థ త్రవ్వుచున్నది. త్రవ్వినచోట మన్ను కప్పి చెట్లు నాటుచున్నది. గనిని పాపమువలె చూచుట విద్యావంతునకు తగదు.

అల్లుడు: రైలును నేను కాదనను; దానియందే వచ్చుచున్నాను. ఒక్కటి మాత్రము మీ నోటనే వినగోరుచున్నాను. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, అవతల చింతపల్లివైపు జెర్రెల, సప్పర్ల: ఈ కొండల తలలపై ఉన్న బాక్సైట్ పొర తీసివేసినచో అంచులలోని ఊటలేమగును?

మామ: శాస్త్రము అడిగితివి గనుక శాస్త్రమే చెప్పెదను. ఆ పొర గుల్లరాయి, వాననీటిని పీల్చుకొనును. దానిక్రింద ఖొండలైటు శిథిలమై తెల్లని బంకమన్ను పొరగ మారియున్నది. అది నీటిని క్రిందికి జారనీయదు. పై పొరలో నిలిచిన నీరు ఆ రెండింటి కూడలిలో కొండ చుట్టును అంచువెంట ఊటగా వెలువడును. వేసవిలో మైదానపు చెరువులెండినను కొండ నడుమ పాయలు పారుటకు కారణమిదియే. గోస్తని మొదలుగాగల నదులు ఈ కొండలలోనే పుట్టుచున్నవి. పై పొర తీసి మన్ను కప్పినను అదివరకటివలె నీటిని పట్టి యుంచునా యనిన, కొండనుబట్టి యుండునని చెప్పుదును. ఉంచునని ప్రమాణము చేసి చెప్పజాలను.

అల్లుడు: ప్రమాణము చేయుటకు శాస్త్రజ్ఞుడు వెనుదీసిన చోట, 2015 నవంబరులో ప్రభుత్వము జెర్రెల ప్రాంతమున 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ కొరకు ఇచ్చుచు 97వ నంబరు జీవో వెలువరించినది. మన్యము నలుమూలల సభలు జరిగినవి. ఆందోళన ఆగలేదు. 2019లో మరియొక ప్రభుత్వము వచ్చి దానిని రద్దు చేసినది.

మామ: చూచితివా, నా బాట ఎందులకో నీవే చెప్పితివి! ఒక ప్రభుత్వము ఇచ్చినది, మరియొకటి తీసివేసినది. మూడవది వచ్చి మరల ఇచ్చినచో? ఆనాడు విశాఖలోను విజయనగరములోను హైదరాబాదులోను ఆ కొండను కాలితో నెరిగినవారు వేలమంది యుండవలెను. పటములో చూచిన కొండ కొరకు ఎవరును కదలరు. ఎక్కి, చెమటోడ్చి, ఊటనీరు త్రాగిన కొండ కొరకు కదలుదురు. కర్ణాటకమున కుద్రేముఖమును చూడుము. సుప్రీంకోర్టు ఆజ్ఞవలన 2005 సంవత్సరాంతమున అక్కడి ఇనుపగని ఆగినది; నేడు అడవిశాఖ అనుమతితో జనులు ఆ శిఖరమునకు నడచిపోవుచున్నారు. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరమునందలి పాత తగరపు, రాగి గనులను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. సముద్రపుటొడ్డున నడకదారి ఆ శిథిలములైన యంత్రశాలల ప్రక్కనుండియే పోవును. గని ముగిసిన నేలకు రెండవ జీవితమున్నది. దానిని నడకకంటె మృదువుగా ఎవరు ఈయగలరు?

అల్లుడు: కుద్రేముఖములో సైతము అనుమతి యున్నదని మీరే యన్నారు. ఇక కార్న్‌వాల్ గనులలో దిగినవారు ఆ యూళ్ళవారే. ఆ గోడలు వారి తాతలు కట్టినవి. నిమ్మలపాటి గుంట ఊరివారి తాత త్రవ్వినది కాదు. కొండను ఎరిగినవారు కొండను కాపాడుదురన్న మాట నాకును ప్రియమైనదే. అయితే ఇంతవరకు కాపాడినవారెవరు? ఒడిశాలో నియమగిరిపై గని విషయమున 2013 ఏప్రిలులో సుప్రీంకోర్టు, గ్రామసభల నడిగి తెలిసికొనుడని ఆజ్ఞాపింపగా, పండ్రెండు గ్రామసభలును ఒక్కటొక్కటిగా కూడి, వలదని చెప్పినవి. అదియు ఈ తూర్పు కనుమలలోనిదే, ఆ చెప్పినవారును కోదులే. వారికి బయటివారి సానుభూతి తోడ్పడినది, నిర్ణయము వారిది.

మామ: గనికి గ్రామసభ, సరి. నడకకు గ్రామసభయా? నీ న్యాయము ప్రకారము బొర్రాలో వెదురు బొంగులో కోడిమాంసము కాల్చి అమ్ముకొను గిరిజన కుటుంబము, ప్రతి కొనుగోలుదారుడు వచ్చుటకు ముందు తీర్మానము చేయవలెను. వారికి కావలసినది వచ్చువారు. రాకుండ చేయు నియమములు కావు. దారి చూపువానికి కూలి, చిక్కనైన కాఫీ అమ్మువానికి బేరము, రాత్రి నిలుచువానికి అన్నము పెట్టు యింటికి రాబడి; ఇవి కావలదా?

అల్లుడు: కావలెను. అందుచేతనే అడుగుమనుచున్నాను. అరకులోయలో రోడ్డుప్రక్క లేచిన బసలలో ఎన్నింటికి పేరు గిరిజనునిదై, పెట్టుబడియు లాభమును మైదానమువారివై యున్నవో మీకు తెలియనిది కాదు. చట్టము పేరు నడుగును గనుక పేరు మాత్రము అద్దెకు తీసికొందురు. అడుగకుండ వచ్చిన విహారము అచ్చటికి చేరినది. వెదురుబొంగు కాల్చు కుటుంబము తన నేలమీద, తన ధరకు, తన యిష్టముచొప్పున అమ్ముచున్నది. ఆ బేరము నాకు ఆదర్శము. మీ బాటయు అట్లే యుండవలెనని కోరిక. ఏ గూడెముగుండ పోవలెనో, ఏ గూడెమును తప్పింపవలెనో వారు చెప్పవలెను. చైత్రమున ఇటుకల పండుగ దినములలో మగవారు వేటకు పోయి, ఆడవారు దారికి అడ్డుకట్టి పాటలతో కానుకలడుగుచున్న వేళ, మెడలో కెమెరా వ్రేలాడదీసికొని మన జనము ఆ నడుమ నిలువవచ్చునో కూడదో వారు చెప్పవలెను. కొండదేవత యున్న చోటును ఫలకముపై వ్రాయవలెనో, వ్రాయకుండ దాటిపోవలెనో వారు చెప్పవలెను.

మామ: ఇంతవరకు నాకు పెద్ద యభ్యంతరము లేదు. దారి చూపువాడు ఆ యూరివాడే కావలెననుటయు, గుంపు చిన్నదిగా నుండవలెననుటయు నేనే చెప్పబోవుచుంటిని. కాని గనిగుంటల మాట వేరు. వానిని పూడ్చవలెనని నీవు లోగడ అన్నట్లు విన్నాను. అది మాత్రము కూడదు. త్రవ్విన గోడలో పొర వెంట పొర కనబడుట భూగర్భ విద్యార్థికి దొరకని భాగ్యము. అంతేగాక, ఇచ్చట ఒక అన్యాయము జరిగి ఆగినదనుటకు ప్రత్యక్షసాక్ష్యము ఆ గుంటయే. పూడ్చినచో నీ తీర్పును కాగితములలో వెదకికొనవలసి వచ్చును.

అల్లుడు: సాక్ష్యము కావలసినది మనకు, మామయ్యా. గుంటయంచున పశువులను తోలుకొనిపోవు పిల్లవాడు ఆ యూరివాడు. వానకాలమున నీరు నిండిన గుంట లోతు పైకి తెలియదు. బోడి గోడలు నాని విరుగును. మీ వృత్తిలో ఇది మీకు నాకంటె తెలియును. పూడ్చవలెనని నేననుట, ఆ నేల మరల సామలకో వలిసెలకో పనికివచ్చినచో ఊరికి లాభమనియే. వారు చేపలు పెంచుకొందుమందురేమో, కంచె చాలునందురేమో. అప్పుడు నేనును ఊరకుందును. మనమిరువురమును ఆ గుంటను గూర్చి వాదించుచున్నాము గాని, దాని ప్రక్కన ఇల్లున్నవాడు మన నడుమ లేడు.

మామ: ఒక గోడనైనను నిలుపుడని వారిని వేడుకొందును. కంచె వేసి, నీరు పోవుటకు కాలువ తీసి, ఒక్క గోడ. ఈ విషయమున నేను ఊరకుండువాడను కాను.

అల్లుడు: వేడుకొనుటకు అడ్డెవరు? సభలో లేచి మీరే చెప్పుడు. శిలల సంగతి మీరు చెప్పినట్లు వారికి ఎవరును ఇంతవరకు చెప్పియుండరు. ఊట ఎందులకు పుట్టుచున్నదో ఇందాక నాకు చెప్పినట్లే చెప్పినచో, నా తరగతి పిల్లలకంటె శ్రద్ధగా వినెదరు.

మామ: వారు వినిన పిదపయు, దారి వలదనినచో?

అల్లుడు: వలదనినచో దారి లేదు. ఘాట్‌రోడ్డు ప్రక్క గాలికొండ వ్యూపాయింటు అందరిది. అచ్చటినుండి చూచి రావచ్చును.

మామ: కఠినముగ నున్నది నీ మాట. బొర్రానుండి గాలికొండ దాక కాలినడకను ఎక్కినవాడు, ఆ వ్యూపాయింటులో కారు దిగి ఐదు నిమిషములు నిలుచుటతో తృప్తి పడునా? నేను ఒకసారి కాదనిపించుకొని మానువాడను కాను. మరుసటి యేడు మరల అడుగుదును.

అల్లుడు: అడుగుడు. గని అడిగినవారును పలుమారులు అడిగిరి. తేడా యేమనిన, మీరు సభకు వచ్చి అడుగుదురు. ఒక్క మనవి. మీరు వ్రాసికొన్న పటములో ఊటలన్నిటిని నీలిసిరాతో గుర్తించితిరి. వానిని తొలగింపుడు. పటము చేతికి రాగానే గుంపులు ఊట యొద్దనే గుడారము వేయును. సబ్బు, సీసాలు, ఎంగిలి యన్నియు ఆ నీటిలోనికి చేరును. దిగువ గూడెము ఆ నీటినే త్రాగును.

మామ: ఊటలు లేని పటము నా పటము కాదు. తొలగింపను. ఆ నీలిగుర్తుల కొరకే గదా ఇన్నేండ్లు ఆ కొండలలో తిరిగితిని! అయితే అచ్చు వేయింపను. ఉన్నదున్నట్లు సభకు తీసికొనివచ్చి నేలపై పరచెదను. ఏ గుర్తు ఉండవలెనో, ఏది పోవలెనో వారి యెదుటనే నిర్ణయమగుగాక.

అల్లుడు: అట్లయినచో సర్పంచితో నేను మాటాడెదను. ఈ నెలలోనే పెట్టింతునా?

మామ: వలదు. వలిసెలు పూచియున్నవి, కోతయు నూర్పును ముగియవలెను. పుష్యమాసము దాటనిమ్ము. కోతల నడుమ పిలిచినచో పని లేనివారు మాత్రమే వత్తురు. నేను చెప్పవలసినది, వినవలసినది ఆడవారితో నున్నది, నీరు మోయువారు వారే గనుక. సభ ఊరిలోనే, బడి వరండాలో పెట్టింపుము, మండలాఫీసునకు రమ్మనకుము.